ఇంగ్లిషు ఇంటిపేరు, తెలుగు పిల్లవాడు

వెస్లీ అన్నది మొదట ఊరిపేరు. తర్వాత ఆ ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇంటిపేరయింది. 18వ శతాబ్దిలో ఒక మతబోధకుడి వల్ల దానికి ప్రతిష్ఠ వచ్చింది, అప్పటి నుంచి మగపిల్లల పేరయింది. తెలంగాణలో మెదక్, సికింద్రాబాద్, వికారాబాద్ ప్రాంతాల క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేరు తరచూ వినిపిస్తుంది. ఇంగ్లండులో వంశాన్ని చెప్పే మాట ఇక్కడ మనిషిని చెబుతుంది, వంశాన్ని చెప్పే పని దాని ముందున్న తెలుగు ఇంటిపేరు చూసుకుంటుంది. ఇలా చోటు మార్చుకున్న ఇంటిపేర్లు తెలుగునాట ఇంకా ఉన్నాయి: విల్సన్, జాన్సన్, నెల్సన్, స్టాన్లీ, మిల్టన్, లింకన్. పిల్లలకు ఈ పేర్లు పెట్టినవాళ్లెవరూ వాటి అర్థం కోసం నిఘంటువు తిరగేయలేదు. ఎవరిని తలచుకుని పెట్టారన్నదే వాళ్లకు అర్థం. నిఘంటువు అర్థం తెలిస్తే మాత్రం, ఆ పేర్లు నడిచి వచ్చిన దారికీ మన ఇంటిపేర్ల దారికీ ఎంత పోలిక ఉందో తెలుస్తుంది.

పడమటి పల్లె

వెస్లీకి పాత రూపం వెస్ట్‌లీ. ఇందులో రెండు పాత ఇంగ్లిషు మాటలున్నాయి. మొదటిది పడమర. రెండోది ‘లేయా’. మొదట్లో అడవిని సూచించిన ఈ మాట, అడవి నరికి సాగులోకి తెచ్చుకున్న చోటుకూ పేరయింది. అలాంటి చోట ఇళ్లు లేచాయి, ఇళ్లు ఊళ్లయ్యాయి. ఇంగ్లండులో ‘లీ’తో ముగిసే ఊళ్లు వందల్లో ఉండటానికి కారణం ఇదే. స్టాన్లీ రాళ్లున్న బయలు, ఆష్లీ ఆష్ చెట్ల బయలు, బ్రాడ్లీ విశాలమైన బయలు, వెస్లీ పడమటి బయలు. సఫక్ కౌంటీలో వెస్ట్‌లీ అనే ఊరు ఇప్పటికీ ఉంది. కేంబ్రిడ్జ్‌షైర్‌లో మరొకటి ఉంది. డెవన్‌లో ఇంచుమించు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. కాబట్టి వెస్లీలందరూ ఒకే మూలపురుషుడి సంతానం కాదు. ఏ పడమటి పల్లె నుంచి బయల్దేరిన కుటుంబానికి ఆ పల్లె పేరు అంటుకుంది.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ తొండుపల్లి, మామిడిపల్లి వంటి ఊళ్లున్నాయి. తొండుపల్లిలో ఉన్నంతకాలం ఎవరినీ ‘తొండుపల్లివారు’ అనరు. ఊరంతా తొండుపల్లివారే అయినప్పుడు ఆ మాటతో ఎవరినీ గుర్తుపట్టలేరు. ఒక కుటుంబం అక్కణ్నుంచి లేచి మరో ఊళ్లో స్థిరపడితే, ఆ కొత్త ఊరివాళ్లు ‘తొండుపల్లోళ్లు’ అంటారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరై కూర్చుంటుంది. ఊరిపేరు మీద పుట్టిన ఇంటిపేరు ఎప్పుడూ ఆ ఊరు వదిలినవాళ్లదే. ఇంగ్లండులో వెస్ట్‌లీలకు జరిగింది ఇదే, కృష్ణాతీరాన బెజవాడ వారికి జరిగిందీ ఇదే.

ఇంగ్లండులో ఇంటిపేర్లు అంత పాతవి కావు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, భూముల లెక్కలూ పన్నుల లెక్కలూ రాసుకోవాల్సి వచ్చిన కొద్దీ అవి స్థిరపడుతూ వచ్చాయి. పెద్ద భూస్వాములతో మొదలై, 15వ శతాబ్ది నాటికి సామాన్యుల దాకా పాకాయి. 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, చావులు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ ఇచ్చాక ఇక మారే వీల్లేకుండా గట్టిపడ్డాయి. ఊరి మీద వచ్చినవి, తండ్రి పేరు మీద వచ్చినవి, వృత్తి మీద వచ్చినవి, ఒంటి గుర్తు మీదో గుణం మీదో వచ్చినవి అని స్థూలంగా నాలుగు రకాలు. విల్సన్, జాన్సన్, నెల్సన్ రెండో రకం.

తల్లి పుట్టింటి పేరు

ఇంటిపేరును పిల్లవాడికి సొంత పేరుగా పెట్టడం 16వ శతాబ్దిలో ఇంగ్లండులోనే మొదలైంది. ఆనాటి క్రైస్తవ దేశాల్లో బాప్తిస్మపు పేరు అంటే పరిశుద్ధుల పేరో, బైబిల్ పేరో, జర్మన్ మూలపు పాత రాజుల పేరో. ఇంగ్లండు ప్రభు కుటుంబాలు ఆ కట్టు దాటాయి. తొమ్మిది రోజులు రాణిగా ఉండి ప్రాణాలు పోగొట్టుకున్న లేడీ జేన్ గ్రే భర్త పేరు గిల్ఫర్డ్ డడ్లీ. గిల్ఫర్డ్ అతని తల్లి పుట్టింటి పేరు. చరిత్రకారుడు విలియం కామ్డెన్ 1605లో అచ్చువేసిన పుస్తకంలో ఈ అలవాటును ప్రత్యేకంగా ప్రస్తావించాడు. అప్పటికి అది చెప్పుకోదగ్గ కొత్త వింత.

కారణం ఆస్తితో ముడిపడి ఉంది. పెళ్లయిన ఆడపిల్ల పేరు మారిపోతుంది. పుట్టింట్లో మగ సంతానం లేకపోతే ఆ వంశం పేరు అక్కడితో ఆగిపోతుంది. కూతురి కొడుక్కి ఆ పేరు పెడితే కనీసం ఒక తరమైనా పిలుపులో మిగులుతుంది, తాతగారి భూములకు హక్కూ గుర్తుండిపోతుంది. విన్‌స్టన్ చర్చిల్ పేరు కథ కూడా ఇదే. 1620లో పుట్టిన మొదటి విన్‌స్టన్ చర్చిల్ తల్లి పేరు సారా విన్‌స్టన్. ఆమె పుట్టింటి పేరు ఆ వంశంలో తరం తరువాత తరానికి అందుతూ మూడు వందల ఏళ్ల తర్వాత ప్రధానమంత్రి దాకా వచ్చింది. సొంత పేరు చెబుతున్న ప్రతిసారీ ఆయన ఒక మరిచిపోయిన ముత్తవ్వ ఇంటిపేరు చెప్పాడన్నమాట.

రెండో కారణం అభిమానం. నౌకాయుద్ధ వీరుడు నెల్సన్, అమెరికా అధ్యక్షులు వాషింగ్టన్, లింకన్ వంటివారి ఇంటిపేర్లు వాళ్లతో ఏ చుట్టరికమూ లేని పిల్లలకు చేరాయి. దక్షిణాఫ్రికాలో రోలిహ్లాహ్లా అనే పిల్లవాడికి బడిలో చేరిన మొదటి రోజే ఉపాధ్యాయిని నెల్సన్ అని పేరు పెట్టింది. ప్రపంచం ఆ పిల్లవాణ్ని నెల్సన్ మండేలాగా ఎరుగును. తల్లిదండ్రులు పెట్టిన పేరును పక్కకు నెట్టి బడి ఒక పేరు పెట్టడం చాలా వలస దేశాల్లో జరిగిన పనే. దాని బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది.

ఇద్దరు వెస్లీలు

మగపిల్లల పేరుగా వెస్లీకి మూలం అభిమానమే. జాన్ వెస్లీ 1703 జూన్‌లో లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ గ్రామంలో పుట్టాడు. తండ్రి శామ్యూల్ ఆ ఊరి చర్చి గురువు. పెద్దలు రాసుకున్న వెస్ట్‌లీలో ‘ట’కారం తీసేసి వెస్లీ అని రాయడం మొదలుపెట్టింది ఆయనే. జాన్‌కు ఐదేళ్లప్పుడు, 1709లో, ఇల్లు తగలబడింది. పైగదిలో చిక్కుకున్న పిల్లవాణ్ని కిటికీ గుండా కిందికి దించారు. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్, తమ్ముడు చార్లెస్, మరికొందరు విద్యార్థులు వేళ తప్పకుండా ప్రార్థన, చదువు, జైళ్లలో ఖైదీల పరామర్శ చేస్తుంటే తోటివాళ్లు వెక్కిరింపుగా ‘మెథడిస్టులు’ అన్నారు. ఆ వెక్కిరింపే తర్వాత ఒక శాఖకు పేరయింది. 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక కూటంలో తనలో వచ్చిన మార్పు గురించి జాన్ తన దినచర్యలో రాసుకున్నాడు. అక్కణ్నుంచి యాభై ఏళ్లు గుర్రం మీద తిరిగి గనుల దగ్గర, పొలాల్లో, వీధి కూడళ్లలో బోధించాడు. బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ 1774లో పుస్తకం రాశాడు. 1791 మార్చి 2న చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆ పోరాటాన్ని వదలవద్దని విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాశాడు.

ఇదే ఇంటిపేరుతో ఐర్లండులో మరో కుటుంబం ఉండేది. అక్కడి భూస్వామి గారెట్ వెస్లీకి పిల్లల్లేరు. పేరు కలిసిన చార్లెస్ వెస్లీని వారసుడిగా తీసుకుంటానని ఆయన అడిగాడనీ, చార్లెస్ కాదన్నాడనీ మెథడిస్టుల్లో చెప్పుకుంటారు. 1728లో ఆస్తి రిచర్డ్ కాలీ అనే బంధువుకు దక్కింది, అతను ఇంటిపేరు వెస్లీగా మార్చుకున్నాడు. ఇతని మనవలే రిచర్డ్, ఆర్థర్. 18వ శతాబ్ది చివర్లో ఈ కుటుంబం తమ పేరును పాత పద్ధతిలో వెల్లెస్లీ అని రాసుకోవడం మొదలుపెట్టింది. ఇది సోమర్సెట్‌లోని వెల్స్ పట్టణం దగ్గరి వేరే ఊరి నుంచి వచ్చిన పేరు. నలిగి నలిగి ‘వెస్లీ’ అయిందే తప్ప దానికీ పడమరకూ సంబంధం లేదు.

హైదరాబాద్ చరిత్రలో ఈ రెండో వెస్లీల జాడ లోతైనది. గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ 1798లో నిజాం అలీఖాన్‌తో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడు టిప్పు సుల్తాన్‌పై యుద్ధానికి వెళ్లిన నిజాం సేనతో కలిసి నడిచిన దళాల నాయకుడు ఆర్థర్, ఆ తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. 1800 అక్టోబర్ 12న మరో ఒప్పందం కుదిరింది. ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను వదులుకున్నాడు. దత్తమండలాలన్న మాట అప్పుడు పుట్టిందే. ఇంత చేసినా తెలుగు పిల్లలకు దక్కిన పేరు ఆ పాలకులది కాదు, గుర్రం మీద తిరిగిన బోధకుడిది.

అమెరికాలో మెథడిస్టు కుటుంబాలు ‘జాన్ వెస్లీ’ అన్న జంటను విడదీయకుండా పిల్లలకు పెట్టుకున్నాయి. గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదిలో పడవ నడిపిన జాన్ వెస్లీ పవెల్ మెథడిస్టు బోధకుడి కొడుకు. టెక్సస్‌లో హత్యలతో పేరుమోసిన జాన్ వెస్లీ హార్డిన్ కూడా మెథడిస్టు బోధకుడి కొడుకే. వెస్టిండీస్‌లో క్రికెట్ అభిమానులకు తెలిసిన వెస్ హాల్ అసలు పేరు వెస్లీ. 1958-59లో ఆయన బంతులు భారత బ్యాట్స్‌మన్లను వణికించాయి.

మెదక్ దారి

తెలంగాణకు ఈ పేరు వెస్లియన్ మెథడిస్టు మిషన్‌తో వచ్చింది. 1880 ప్రాంతంలో విలియం బర్గెస్ సికింద్రాబాద్ కేంద్రంగా నిజాం రాజ్యంలో పని మొదలుపెట్టాడు. సికింద్రాబాద్‌లో వెస్లీ పేరుతో బాలుర బడి, బాలికల బడి, కళాశాల వెలిశాయి. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కొద్దికాలానికే మెదక్ చేరి చాలా ఏళ్లు అక్కడే పనిచేశాడు. కరువు రోజుల్లో పని చూపించి తిండి పెట్టడానికి ఆయన తలపెట్టిన చర్చి నిర్మాణం 1914లో మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ మెథడిస్టులు అందులో కలిశారు. అమెరికన్ మెథడిస్టుల శాఖ విడిగా వికారాబాద్, జహీరాబాద్ వైపు పనిచేసింది, ఇప్పటికీ మెథడిస్టు చర్చిగానే ఉంది. రెండు దారుల్లోనూ పిల్లల తొట్టెల దాకా చేరిన పేరు వెస్లీ.

ఆ తొట్టెలు ఎక్కువగా మాల, మాదిగ ఇళ్లలోవి. అంతకుముందు ఆ వాడల్లో మనిషికి పేరుండీ లేనట్టే ఉండేది. పెద్దకులాల వాళ్ల పేరు చివర అయ్య, రెడ్డి, రావు చేరితే, వీళ్ల పేరు చివర ‘డు’ లేదా ‘గాడు’ చేరేది. దొర పిలిచే పిలుపే పేరుగా లెక్కల్లోకి ఎక్కేది. మంచి పేరు పెట్టుకుంటే ఎగతాళి చేసేవాళ్లు. మిషన్ బడి హాజరుపట్టీలో మాస్టరు ‘జాన్ వెస్లీ’ అని రాసి, రోజూ ఆ పేరును పూర్తిగా పిలిచి, ‘ఉన్నానండీ’ అనిపించుకోవడం చిన్న విషయం కాదు. ఊరి దొర నోటికి అలవాటు లేని పేరది. కులాన్ని పట్టిచ్చే తోక దానికి లేదు. ఇంగ్లిషు ఇంటిపేర్ల మీద ఆ వాడల్లో కనిపించే మోజును అనుకరణ అని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి చూడలేదనే చెప్పాలి.

పేరు తెలుగు నాలుకకు తగ్గట్టు ఒదిగింది కూడా. వెస్లీ పక్కన బాబు, రాజు, కుమార్, పాల్ చేరాయి. ‘మా వెస్లన్న’, ‘వెస్లీ మామ’ అని వరసలు కలిశాయి. ఇంగ్లిషులో దాన్ని సగానికి తెంచి ‘వెస్’ అంటారు. ఇక్కడెవరూ అలా తెంచరు, సాగదీసి ‘వెస్లీ’ అనే పిలుస్తారు. పత్రాల్లో అది రకరకాల స్పెల్లింగులతో కనిపిస్తుంది, చివరి ఈకారాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా రాయడం వల్ల.

పేరు మతాన్ని చెబుతుంది గాని మనిషి నడిచే దారిని చెప్పదు. 2025 జనవరిలో సంగారెడ్డిలో జరిగిన రాష్ట్ర మహాసభల్లో సీపీఎం తెలంగాణ కార్యదర్శిగా ఎన్నికైన నాయకుడి పేరు జాన్ వెస్లీ. పాలమూరు ప్రాంతం నుంచి వచ్చి కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘంలో పనిచేసిన మనిషి.

ఇలాంటి పేర్లతో వచ్చే చిక్కు కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాల వారిని రెండు తెలుగు రాష్ట్రాలూ బీసీ-సి కింద చూస్తాయి, రిజర్వేషన్ 1 శాతం. అందుకే చాలా ఇళ్లలో పిల్లవాడికి రెండు పేర్లు. చర్చి పుస్తకంలో వెస్లీ, బడి రికార్డులో రాజేందర్. అమ్మ ఒకటి పిలుస్తుంది, సర్టిఫికెట్ ఇంకొకటి చెబుతుంది. ఒక పిల్లవాణ్ని రెండు పేర్లుగా చీల్చే నిబంధన న్యాయమైనదని చెప్పడం కష్టం.

జాన్ కొడుకు, విల్ కొడుకు

జాన్సన్ అంటే జాన్ కొడుకు. జాన్ హీబ్రూ యోహానాన్ నుంచి వచ్చింది, దేవుడు దయగలవాడు అని అర్థం. తెలుగు బైబిల్లో అదే యోహాను. తండ్రి యోహాను, కొడుకు జాన్సన్ అయిన ఇళ్లు కోస్తా జిల్లాల్లో కనిపిస్తాయి. అక్కడ పేరు అక్షరాలా నిజమైందన్నమాట. తెలుగు నాటకరంగంలో ‘నటనాలయం’ రాసిన మోదుకూరి జాన్సన్, ‘కరుణామయుడు’ వంటి సినిమాలకు పాటలు రాసిన జాన్సన్ ఒకరే. మోదుకూరు ఊరిపేరు, జాన్సన్ ఇంగ్లిషువాళ్ల ఇంటిపేరు. ఆ మనిషి రాసిన తెలుగు మాత్రం తెలుగువాళ్లందరిదీ.

విల్సన్‌లో ఉన్నది విల్, అంటే విలియం. సంకల్పం, శిరస్త్రాణం అనే రెండు జర్మానిక్ మాటలు కలిసిన ఈ పేరును ఇంగ్లండుకు తెచ్చింది 1066 విజేత విలియం. ఒక్క వందేళ్లలో అది ఇంగ్లండులో అతి సాధారణమైన మగ పేర్లలో ఒకటైంది. ఆ కొడుకులే ఉత్తర ఇంగ్లండులో, స్కాట్లండులో విల్సన్‌లు. బెజవాడ విల్సన్ పుట్టింది 1966లో కోలార్ బంగారు గనుల్లో. ఆంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబం. గనుల కాలనీలో కార్మికుల వేల ఇళ్లకు నీళ్లు లేని పొడి మరుగుదొడ్లుండేవి. వాటిని చేతులతో ఎత్తే పనిలో ఆ కుటుంబ పెద్దలున్నారు. విల్సన్ కొంత చదువు కుప్పం వైపు చదివాడు. 1986 నుంచి ఆ పనిని రూపుమాపడానికి పూనుకున్నాడు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్ స్థాపించాడు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆ సంస్థ వ్యాజ్యంపై 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. మురుగుకాల్వల్లో దిగి చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన ఇంటిపేరులోని ఊరికే ఇప్పుడు విజయవాడ అని పేరు, పాత పేరు ఇలాంటి కుటుంబాల ఇంటిపేర్లలో పదిలంగా ఉంది.

మతంతో పనిలేకుండా వచ్చిన పేర్లూ ఉన్నాయి. సైన్సు మీద ఇష్టంతో న్యూటన్, ఎడిసన్. న్యూటన్ అంటే కొత్త ఊరు. ఎర్రజెండా ఇళ్లలో లెనిన్, స్టాలిన్. ఇవి ఇంగ్లిషువీ కావు, పుట్టుకతో వచ్చిన ఇంటిపేర్లూ కావు, విప్లవకారులు తమకు తాము పెట్టుకున్న మారుపేర్లు.

మన్రోలప్ప

క్రైస్తవంతో సంబంధం లేని తెలుగు రైతుల ఇళ్లలోకి ఒక తెల్లదొర ఇంటిపేరు వెళ్లిన సందర్భం దత్తమండలాలైన రాయలసీమది. మన్రో స్కాట్లండ్ ఉత్తరాన రాస్ ప్రాంతపు వంశం పేరు. గేలిక్ భాషలో ఆ వంశస్థుడు ‘రోథాఖ్’, అంటే ‘రో’ నుంచి వచ్చినవాడు. ఐర్లండులోని రో నది ఒడ్డు నుంచి పూర్వీకులు వచ్చారని వంశకథ. అంటే ఇదీ చోటు విడిచినవాళ్లకు వచ్చిన పేరే. అమెరికా అధ్యక్షుడు మన్రో, ఆయన పేరిట లైబీరియా రాజధాని మన్రోవియా, రచయిత్రి ఆలిస్ మన్రో, అన్నిటికీ మూలం ఈ మాటే. కేరళలో కొల్లం దగ్గరి మన్రో తురుత్తు మాత్రం తిరువాన్కూరు రెసిడెంటు జాన్ మన్రో పేరు మీదిది, సీమలో పనిచేసిన థామస్ మన్రోది కాదు.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో తండ్రి పొగాకు వ్యాపారం దెబ్బతింది. కొడుకు 1780లో కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరై ఏడేళ్లు ఉన్నాడు. అనంతపురంలో మకాం, ఎక్కువ రోజులు గుడారంలో. తెలుగు నేర్చుకున్నాడు. పొలం పొలం కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా నేరుగా రైతు పేర పట్టా రాయించే రైతువారీ పద్ధతిని స్థిరపరిచాడు. శిస్తు ఎక్కువైందని తానే ఒప్పుకుని 1807లో పావు వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. 1820లో మద్రాసు గవర్నరై తిరిగివచ్చాక దాన్ని అమలు చేయించాడు.

పాలెగాళ్ల వంశాలు ఇదే కథను మరోలా చెబుతాయి. సుమారు ఎనభైమంది పాలెగాళ్లను అణచి, కోటలు పడగొట్టించి, కొందరికి భరణాలిచ్చి కూర్చోబెట్టింది మన్రోయే. ఆ భరణాల తగువు చివరికి 1846-47లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు దారితీసింది. కాబట్టి మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్నది సీమ అంతా కాదు, పాలెగాడి దండుకూ నిజాం వసూలుదారుకూ మధ్య నలిగి, చేతిలో పట్టా చూసుకున్న రైతు.

1827లో ఇంగ్లండు వెళ్లిపోయేముందు మన్రో పాత మండలాలను చివరిసారి చూడటానికి వచ్చాడు. జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తికోట కింద సమాధి చేసి, తర్వాత అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర బావి, తోపు, గుత్తిలో సత్రం వెలిశాయి. చనిపోయాక కథలు అల్లుకున్నాయి. కడప జిల్లా గండిలో కొండల మధ్య కట్టిన బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందనీ, అది కనిపించినవాళ్లు త్వరలో పోతారనీ చెప్పుకుంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం లోంచి ఆయనతో మాట్లాడాడని మఠం వారి కథ. తిరుమలలో మన్రో గంగాళం అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. జనం ఆయన్ను మాండవ్య ఋషితో పోల్చారు, మాండవ ఋషి అన్నారు.

ఈ గౌరవం కడప వైపు పిల్లల పేర్లలోకి దిగింది. అక్కడ మగపిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టేవారని 19వ శతాబ్దిలో మన్రో జీవితచరిత్ర రాసినవారు నమోదు చేశారు. మాట కట్టు చూస్తే సీమ నుడికారం కనిపిస్తుంది. దొరను ‘దొరలు’ అన్నట్టే మన్రోను గౌరవంగా ‘మన్రోలు’ అని ఉంటారు. దానికి హనుమప్ప, తిప్పప్ప, నారాయణప్పల్లోని ‘అప్ప’ చేరింది. స్కాట్లండ్ వంశనామం తెలుగు వ్యాకరణంలోంచి నడిచి, సీమ పొలాల్లో మడక పట్టిన పిల్లవాడి పేరుగా బయటికొచ్చింది. వెస్లీకి మిషన్ బడి అండగా ఉంది. మన్రోలప్పకు బడీ లేదు, మతమూ లేదు. పట్టా తప్ప.

రెండు గడులు

పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇంగ్లిషువాళ్లకు ఇది తిరగబడి ఉంటుంది. 2008 మార్చి నుంచి నడుస్తున్న శంషాబాద్ విమానాశ్రయంలో, తొండుపల్లి దగ్గర ఔటర్ దిగి వచ్చిన ప్రయాణికుడి చేతికొచ్చే బోర్డింగ్ పాస్ మీద ఇంటిపేరు ముందు, ఏటవాలు గీత, ఆ తర్వాత సొంత పేరు ఉంటాయి. ప్రపంచమంతటా విమాన టికెట్ల వరస అదే, తెలుగు వరస కూడా అదే. అక్కడ బెజవాడ, గీత, విల్సన్ అని తెలుగులో పలికినట్టే పడుతుంది. అమెరికా ఆఫీసులో అడుగుపెట్టగానే విల్సన్ బెజవాడ అవుతుంది. రెండు మాటలూ ఇంటిపేర్లలాగే ఉండటంతో అక్కడి గుమస్తా ఏది ఏదో తేల్చుకోలేక ముందుది ఇంటిపేరనుకుని ఫైలు తెరిచే ప్రమాదముంది.

ఇంటిపేరును పొడి అక్షరంగా మాత్రమే రాసుకున్నవాళ్లకు కష్టం ఇంకా ఎక్కువ. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లను సందర్శక వీసాల మీద రానివ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబర్‌లో ప్రకటించింది. తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లలో ఒక్క పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు కొందరు తిరిగి దరఖాస్తు పెట్టుకుని రెండో గడి నింపాల్సి వచ్చింది. నింపేటప్పుడు కొందరు పెద్దల ఇంటిపేరు రాస్తారు, కొందరు తండ్రి పేరు రాస్తారు. తండ్రి పేరు విల్సన్ అయినచోట కొడుకు పాస్‌పోర్టులో విల్సన్ ఇంటిపేరుగా నమోదవుతుంది. ఆ కొడుక్కి దుబాయిలోనో డల్లస్‌లోనో పుట్టిన పిల్లలు ఇక విల్సన్‌లే, ఏడు వందల ఏళ్ల కిందట ఉత్తర ఇంగ్లండులో జరిగినట్టే. బెజవాడ, మోదుకూరి వంటి ఇంటిపేర్లు ఆ ఇళ్లలో పెళ్లి శుభలేఖల మీదే కనిపిస్తాయి.